బిట్‌కాయిన్ దిగలే గద, మరి నా పైసలేవి?

2021 ఏప్రిల్ 14న బిట్‌కాయిన్ 64 వేల డాలర్లు దాటింది. ఆ రాత్రి పంజగుట్ట ద్వారకాపురి కాలనీలోని మా వంటగదిలో, పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని ఒక కంట చూసుకుంటూ, చీటీ పాడుకున్న డబ్బులోంచి 40 వేలు పెట్టి ఒక టోకెన్ కొన్నాను. దాని పేరు చివర 3 అంకె, ఎల్ అక్షరం ఉన్నాయి. బిట్‌కాయిన్ ఒక శాతం పెరిగిన రోజు ఇది మూడు శాతం పెరుగుతుందని దాని అర్థం. ఆరు నెలలు గడిచి, అక్టోబరు 20న బిట్‌కాయిన్ నేను కొన్నప్పటి ధర దాటి కొత్త గరిష్ఠానికి వెళ్లింది. ఆ రోజు నా టోకెన్ల విలువ 16 వేల చిల్లర.

శాతాలు చెప్పడమే నా బతుకుతెరువు. 2006 నుంచి అమీర్‌పేటలో మైత్రీవనం పక్కన, ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో ట్యాలీ, ఎక్సెల్ నేర్పుతున్నాను. చక్రవడ్డీ ఫార్ములా నిద్రలో అడిగినా చెబుతాను. అయినా నా సొంత డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క వేసి చూసుకోలేదు. కరోనా రెండో విడత రోజులవి. క్లాసులు ఫోన్‌లోకి మారి ఆదాయం సగమైంది. మే 12న లాక్‌డౌన్ పెట్టారు. ఉదయం ఆరు నుంచి పది దాకా కూరగాయలు తెచ్చుకోవడం, మిగతా రోజంతా ఫోన్ చూసుకోవడం. మే 19న బిట్‌కాయిన్ ఒక్కరోజులో 40 వేల డాలర్ల పైనుంచి 30 వేల దగ్గరికి పడి, మళ్లీ కొంత లేచింది. "మళ్లీ పెరుగుతుందిలే, అప్పుడు అమ్ముదాం" అనుకున్నాను. పెరిగింది కూడా. పెరిగినా నా డబ్బు ఎందుకు తిరిగి రాలేదో అర్థం కావడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒక ఎక్సెల్ షీట్ సరిపోయాయి. కొనక ముందు ఆ మధ్యాహ్నం వెచ్చించి ఉంటే బాగుండేదన్న బాధ ఇంకా ఉంది.

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. 2025 ఫిబ్రవరిలో ఒక కుర్రాడు క్లాసు అయిపోయాక ఆగి, ఫోన్ నా ముందు పెట్టాడు. జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చినవాడు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్‌లో ఉంటూ పొద్దున డెవాప్స్, సాయంత్రం నా దగ్గర ఎక్సెల్ నేర్చుకుంటున్నాడు.

"మేడమ్, డిసెంబర్ల 97 వేలున్నప్పుడు కొన్న. ఇయ్యాల గూడ గంతే ఉన్నది. బిట్‌కాయిన్ దిగలే గద, మరి నా పైసలు ఎటు పోయినయ్?"

అతను పెట్టింది 30 వేలు. ఉన్నది 24 వేలు. అందులో డెవాప్స్ రెండో విడత ఫీజు కూడా ఉందని తర్వాత తెలిసింది. నాలుగేళ్ల కింద నన్ను నేను అడుక్కున్న ప్రశ్ననే ఒక పిల్లవాడి నోట విన్నాక ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఈ టోకెన్ లోపల ఏముందో చూద్దాం. మీరు 100 రూపాయలు ఇచ్చి మూడు రెట్ల టోకెన్ కొన్నారనుకోండి. దాన్ని తయారుచేసిన సంస్థ మీ 100 రూపాయల పేరు మీద 300 రూపాయల విలువైన బిట్‌కాయిన్ ఫ్యూచర్స్, అంటే బిట్‌కాయిన్ ధరతో పాటు విలువ పెరిగి తగ్గే ఒప్పందాలు, పట్టుకుంటుంది. బిట్‌కాయిన్ 10 శాతం పెరిగితే ఆ 300 కాస్తా 330 అవుతుంది. లాభం 30. మీ టోకెన్ విలువ 130. ఇక్కడిదాకా అందరికీ తెలుసు, టెలిగ్రామ్ గ్రూపుల్లో చెప్పేదీ ఇక్కడిదాకానే.

మర్నాటికి కూడా అది మూడు రెట్ల టోకెన్‌గానే ఉండాలి కదా. మీ విలువ 130 అయింది కాబట్టి సంస్థ చేతిలో 390 రూపాయల ఫ్యూచర్స్ ఉండాలి. ఉన్నవి 330. కాబట్టి ఇంకో 60 రూపాయలకు కొంటుంది, అదీ పెరిగిన ధరకు. అదే బిట్‌కాయిన్ 10 శాతం పడితే? 300 కాస్తా 270 అవుతుంది, మీ విలువ 70కి దిగుతుంది. 70కి మూడు రెట్లు 210. కాబట్టి 60 రూపాయల సరుకు అమ్మేస్తుంది, పడిపోయిన ధరకు. దీన్నే రీబ్యాలెన్స్ అంటారు. ఎర్రగడ్డ రైతుబజారుకు రోజూ వెళ్లి, టమాటా ధర మండిన రోజు బుట్టలు నింపుకుని, ధర పడిన రోజు అవే బుట్టలు వదిలించుకునే వ్యాపారిని ఊహించుకోండి. ధరలు పైకే పోతున్నంత కాలం అతనికి భలే గిట్టుబాటు. రోజు విడిచి రోజు పైకీ కిందకీ ఊగితే మాత్రం, టమాటా ధర మొదటికే వచ్చినా అతని పెట్టుబడి మొదటికి రాదు.

కుర్రాడి చేత ఎక్సెల్ తెరిపించి ఇదే చేయించాను. ఒక వరుసలో బిట్‌కాయిన్ 100. మొదటి రోజు 10 శాతం పడి 90. రెండో రోజు 11.11 శాతం పెరిగి మళ్లీ 100. పక్క వరుసలో మూడు రెట్ల టోకెన్: మొదటి రోజు 30 శాతం పడి 70, రెండో రోజు 33.33 శాతం పెరిగి 93.33. బిట్‌కాయిన్ బయల్దేరిన చోటికే వచ్చింది, టోకెన్ 6.67 పోగొట్టుకుంది. ఆ రెండు గడులనూ పట్టుకుని కిందికి లాగమన్నాను. ఇలాంటి జతలు పది అయ్యేసరికి, అంటే ఇరవై రోజులకి, బిట్‌కాయిన్ 100 దగ్గరే ఉంది. టోకెన్ 50కి చేరింది.

కుర్రాడు తల గీరుకున్నాడు. "మరి కింద పడుతదని షార్ట్ టోకెన్ కొన్నోళ్లకు లాభం వచ్చిందా మేడమ్?"

మంచి ప్రశ్న. షార్ట్ టోకెన్, అంటే పేరు చివర 3 అంకె, ఎస్ అక్షరం ఉండేది, బిట్‌కాయిన్ పడితే పెరుగుతుంది. అదే రెండు రోజులకు అదీ వేయించాను. మొదటి రోజు 100 నుంచి 130. రెండో రోజు 33.33 శాతం పడి 86.67. ఎల్ టోకెన్ 6.67 పోగొట్టుకుంటే ఎస్ టోకెన్ దానికి రెట్టింపు, 13.33 పోగొట్టుకుంది. హాస్టల్లో అతని రూమ్మేట్ ఒకడు "ఎటు పోయినా సేఫ్" అని రెండూ సమానంగా కొని పెట్టుకున్నాడట. రెండు వందలు పెట్టినవాడికి రెండు రోజుల్లో నూట ఎనభై మిగులుతాయి, బిట్‌కాయిన్ ఉన్న చోటే ఉన్నా.

సాయంత్రం ఏడింటికి మైత్రీవనం దగ్గర ఆటో ఎక్కి, ట్రాఫిక్‌లో నాగార్జున సర్కిల్ దాకా వెళ్లి, అదే ఆటోలో మళ్లీ మైత్రీవనం దగ్గరికే వచ్చి దిగండి. ఎక్కిన చోటే దిగారు, అయినా మీటరు వెనక్కి తిరగదు. ఈ టోకెన్‌ను అలాగే చూడాలి. బిట్‌కాయిన్ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లింది అన్నదానికంటే ఏ దారిన వెళ్లిందన్నదే మన డబ్బును నిర్ణయిస్తుంది. టోకెన్ కొన్నప్పుడు నేను కొనుక్కున్నది ఆ దారిని. అది అమ్మినవాళ్లు దాచలేదు, "రోజువారీ మూడు రెట్లు" అని స్పష్టంగానే రాసి ఉంది. "మూడు రెట్లు" అన్నది చదివాను. "రోజువారీ" అన్నమాట మీద నా కన్ను ఆగలేదు.

ఇంత చెప్పాక దీని మంచి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. బిట్‌కాయిన్ వరుసగా మూడు రోజులు పదేసి శాతం పెరిగితే 100 కాస్తా 133.10 అవుతుంది. మూడు రెట్లంటే లాభం 99 రావాలి కదా? 119.70 వస్తుంది, ఎందుకంటే రోజూ పెరిగినదానికి మళ్లీ మూడు రెట్లు. వాట్సాప్‌లో తిరిగే స్క్రీన్‌షాట్లన్నీ ఇలాంటి మూడు రోజులవే. వరుసగా మూడు రోజులు పదేసి శాతం పడినా, 81 పోవలసిన చోట 65.70 మాత్రమే పోతుంది. పైగా ఫ్యూచర్స్ నేరుగా ఆడేవాళ్లకు ఉండే లిక్విడేషన్ భయం ఇక్కడ లేదు. మార్జిన్ చాలక అర్ధరాత్రి మన పొజిషన్‌ను ఎక్స్‌ఛేంజ్ బలవంతంగా మూసేయడమనేది ఉండదు. పెట్టినదానికి మించి పోదు. "లిక్విడేట్ కాదు మేడమ్, గందుకే సేఫ్ అన్నరు" అన్నాడు కుర్రాడు. నిజమే అన్నారు, సగం నిజం. లిక్విడేషన్ ఒక్కసారిగా చేసే పనిని ఇది రోజుకింత చొప్పున చేస్తుంది. దానిమీద రోజువారీ నిర్వహణ రుసుము ఉంటుంది. ఫ్యూచర్స్ పట్టుకున్నందుకు కట్టే ఫండింగ్ ఖర్చు ఉంటుంది. ఇవేవీ విడిగా మన ఖాతాలో కనిపించవు, టోకెన్ ధరలోంచే కోసుకుంటారు.

అందరూ చేసే తప్పు, నేనూ చేసిన తప్పు ఒకటుంది. యావరేజ్ చేయడం. పడ్డప్పుడు ఇంకొంచెం కొంటే సగటు ధర తగ్గుతుందని. మంచి కంపెనీ షేరుకు ఆ ఆలోచన కొంతవరకు నడుస్తుందేమో. ఈ టోకెన్ 100 నుంచి 30కి పడిందంటే, మళ్లీ 100 కావడానికి 233 శాతం పెరగాలి. మరీ పైసల్లోకి దిగిపోయిన టోకెన్లను ఎక్స్‌ఛేంజీలు కొన్నిటిని కలిపి ఒకటిగా చేస్తాయి. తెరమీద ధర పెద్దగా కనిపిస్తుంది, చేతిలో ఉన్న టోకెన్ల సంఖ్య తగ్గుతుంది, విలువ మాత్రం ఉన్నంతే.

ఈ సరుకు క్రిప్టోతో పుట్టలేదు. అమెరికా షేర్ మార్కెట్లో 2006 నుంచే రెట్టింపు ఫండ్లు ఉన్నాయి. అక్కడి బ్రోకర్ల నియంత్రణ సంస్థ ఫిన్రా 2009 జూన్‌లోనే, ఒక్క రోజుకు మించి పట్టుకునే మామూలు మదుపరులకు ఇవి సాధారణంగా తగవని బ్రోకర్లను హెచ్చరించింది. క్రిప్టోలో వీటికి పేరు తెచ్చింది ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్‌ఛేంజ్, 2019లో, బుల్, బేర్ అన్న పేర్లతో. వాటి రోజువారీ రీబ్యాలెన్స్ మన గడియారం ప్రకారం తెల్లవారుజామున 5 గంటల 32 నిమిషాలకు జరిగేది. మనం లేచి ముఖం కడుక్కునే లోపు నిన్నటి మూడు రెట్లు ముగిసి ఇవాళ్టి మూడు రెట్లు మొదలైపోయేవి.

అసలు పరీక్ష 2020 మార్చి 12న వచ్చింది. కరోనా భయంతో ఆ రోజు బిట్‌కాయిన్ మూడో వంతుకు పైగా పడింది. మూడో వంతు పడితే మూడు రెట్ల టోకెన్ లెక్క ప్రకారం సున్నా కావాలి. అలా కాకుండా మరీ పడినప్పుడు రోజు మధ్యలోనే రీబ్యాలెన్స్ చేసే ఏర్పాటు ఉంటుంది. ఆ ఏర్పాటు టోకెన్‌ను సున్నా కాకుండా కాపాడుతుంది కానీ, అడుగంటిన ధరకు సరుకు అమ్మి కాపాడుతుంది. తర్వాత ధర లేచినా పట్టుకుని లేవడానికి చేతిలో అంత సరుకు ఉండదు. ఆ నెలాఖరులో ఇంకో ఎక్స్‌ఛేంజ్ బైనాన్స్ తన దగ్గర అమ్ముడవుతున్న ఎఫ్‌టీఎక్స్ టోకెన్లను తీసేసింది. చాలామందికి ఇవి అర్థం కావడం లేదన్నది చెప్పిన కారణం. ఆ మేలోనే అప్, డౌన్ అన్న పేర్లతో తన సొంత టోకెన్లు తెచ్చింది, 2024లో వాటినీ ఎత్తేసింది. ఎఫ్‌టీఎక్స్ 2022 నవంబరు 11న దివాలా పిటిషన్ వేసింది, దాని వ్యవస్థాపకుడు శామ్ బ్యాంక్‌మన్ ఫ్రీడ్‌కు 2024 మార్చిలో 25 ఏళ్ల జైలు శిక్ష పడింది. బిట్‌కాయిన్‌నైతే మన వాలెట్‌లో దాచుకోవచ్చు. ఈ టోకెన్ వెనక ఉన్నది దాన్ని జారీ చేసిన సంస్థ ఇచ్చిన మాట ఒక్కటే. ఆ సంస్థ మూతపడితే బుల్లూ బేరూ రెండూ అప్పులవాళ్ల వరుసలో నిలబడాల్సిందే.

ఇక మన దగ్గరి పన్నుల సంగతి. నా దగ్గర ట్యాలీ నేర్చుకున్నవాళ్లు చాలామంది ఆడిటర్ల దగ్గర పనిచేస్తారు. జులై వస్తే రిటర్నుల గురించి ఫోన్లు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్సు. ఆ జులై నుంచి అమ్మకం విలువ మీద ఒక శాతం టీడీఎస్. వీటికన్నా కష్టమైనది ఇంకొకటి: ఒక టోకెన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో టోకెన్ లాభంలోంచి తగ్గించుకోనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకుపోనివ్వరు కూడా. ఒక టోకెన్ మీద 50 వేలు సంపాదించి, ఇంకో టోకెన్ మీద 60 వేలు పోగొట్టుకున్నవాడు నిజానికి 10 వేల నష్టంలో ఉన్నాడు. అయినా 15,600 పన్ను కట్టాలి.

ఇప్పుడు ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. చాలా రోజులు పట్టుకోకు, రోజో రెండు రోజులో చూసి బయటపడు అంటుంది టోకెన్ లెక్క. అలా పదిసార్లు కొని అమ్మితే గెలిచిన ప్రతిసారీ నాకు వాటా ఇవ్వు, ఓడిన సంగతి నాకు చెప్పకు అంటుంది పన్ను లెక్క. అమెరికావాడు ఎల్, ఎస్ టోకెన్లు మార్చి మార్చి ఆడినా ఏడాది చివర లాభనష్టాలు కలిపి లెక్క చూపుకోవచ్చు. అమీర్‌పేట కుర్రాడికి ఆ వీలు లేదు. కాబట్టి అక్కడివాళ్ల వీడియోలు చూసి ఇక్కడ ఆడకూడదు. ఈ నిబంధన చిన్నవాళ్ల పట్ల చాలా కఠినంగా ఉందని నా అభిప్రాయం. కానీ చట్టం ఉన్నంతకాలం దాన్ని పెట్టుబడి లెక్కలో మొదటి గడిలోనే వేసుకోవాలి.

టోకెన్ కొనేందుకు డబ్బు పంపే దారిలో ఇంకో ముప్పు ఉంది. ఇలాంటి టోకెన్లు అమ్మేవి ఎక్కువగా విదేశీ ఎక్స్‌ఛేంజీలు. 2023 డిసెంబరు 28న కేంద్ర ఆర్థిక నిఘా విభాగం అలాంటి తొమ్మిదింటికి షోకాజ్ నోటీసులిచ్చింది, జనవరిలో వాటి యాప్‌లు స్టోర్లలోంచి పోయాయి. తర్వాత కొన్ని రిజిస్టర్ చేసుకుని తిరిగొచ్చాయి, బైనాన్స్‌కు 18.82 కోట్ల జరిమానా పడింది. ఈ గందరగోళంలో మన పిల్లలు పీ టూ పీ దారి పట్టారు. అంటే ముక్కూ మొహం తెలియనివాడి బ్యాంకు ఖాతాకు రూపాయలు వేసి, డాలరు విలువకు కట్టిన యూఎస్‌డీటీ అనే క్రిప్టో తీసుకోవడం, అమ్మేటప్పుడు ముక్కూ మొహం తెలియనివాడి రూపాయలు మన ఖాతాలోకి రానివ్వడం. ఆ రూపాయలు ఎక్కడివో మనకు తెలియదు. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన 712 కోట్ల పెట్టుబడి మోసంలో, సుమారు 15 వేల మంది దగ్గర దోచిన సొమ్మును క్రిప్టోగా మార్చి దేశం దాటించారు. అలాంటి సొమ్ములో ఒక ముక్క మన ఖాతాలో పడినా బ్యాంకు ఖాతా స్తంభించిపోవచ్చు. హాస్టల్ బిల్లు కట్టాల్సిన ఖాతా అది. మోసపోయామని తెలిసిన గంటలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత ఆలస్యమైతే డబ్బు అంత దూరం పోతుంది.

మైత్రీవనం ముందు నిలబడి తలెత్తితే జావా, శాప్, డెవాప్స్ బోర్డుల మధ్య ట్రేడింగ్ నేర్పుతామనే బోర్డులూ కనిపిస్తాయి. నేర్పడం తప్పు కాదు, నేర్పుతూ బతికేదాన్ని నేను. కానీ మన షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఒక లెక్క చెప్పింది: 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. అది నియంత్రణ, నిఘా అన్నీ ఉన్న మార్కెట్. నేర్పేవాళ్లు మొదటి రోజే బోర్డు మీద ఆ అంకె రాయాలని నా కోరిక.

ఎవరైనా ఈ టోకెన్ కొంటానంటే నేనడిగేవి కొన్నే. రీబ్యాలెన్స్ ఎన్ని గంటలకు? రోజుకు రుసుమెంత? ఏ రోజు, ఏ ధర దగ్గర అమ్ముతావో కొనకముందే కాగితం మీద రాశావా? ఈ డబ్బు పూర్తిగా పోతే ఏ బిల్లు ఆగుతుంది? చివరి ప్రశ్నకు జవాబుగా ఏ బిల్లు పేరు చెప్పినా ఆ డబ్బు దీనికి తగినది కాదు.

ఆ సాయంత్రం కుర్రాడు షీట్ వదలలేదు. "10 శాతం రోజూ ఊగదు గద మేడమ్, 2 శాతం పెడత" అన్నాడు. పెట్టాడు. జతకు పోయేది పావు రూపాయి కూడా లేదు. "గింతేనా" అని మొహం వెలిగింది. వంద జతల దాకా లాగు బాబూ అన్నాను. లాగాడు. రెండు వందల రోజులకు బిట్‌కాయిన్ 100, టోకెన్ 78. ఆ గడి మీద కర్సర్ పెట్టి చాలాసేపు చూశాడు. కింద సెంటర్ వాళ్లు షట్టర్ దించుతున్న చప్పుడు వినిపించాక లేచాం. అమీర్‌పేట స్టేషన్ దాకా కలిసి నడిచాం. నేను పంజగుట్ట వైపు, అతను ఎస్.ఆర్. నగర్ వైపు.

మర్నాడు క్లాసుకు పావుగంట ముందే వచ్చి ఫోన్ చూపించాడు. 23,900కు అమ్మేశాడు. ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం వెళ్లి డెవాప్స్ ఫీజు కట్టి, రసీదు ఫొటో నాకు పంపించాడు.